ఆఫర్ లెటర్ వచ్చేదాకా ఆగొద్దు... పార్కుకి వెళ్లండి!

పొద్దున్నే మాక్ టెస్ట్, మధ్యాహ్నం కోచింగ్, రాత్రి జాబ్ పోర్టళ్లు. ఉద్యోగ వేటలో ఉన్నవాళ్ల రోజంతా ఇంతే. ఇందులో పార్కుకి టైమెక్కడిది అంటారా? వారానికి రెండు గంటలు తీసి చూడండి. ఆ రెండు గంటలూ ప్రిపరేషన్‌లో భాగమేనని మీకే తెలుస్తుంది.

2019లో ఇంజినీరింగ్ అయిపోగానే అమీర్‌పేటలో ఓ హాస్టల్లో చేరాను. గదికి నలుగురం. ఒకటే కిటికీ, తెరిస్తే ఎదురుగా పక్క బిల్డింగ్ గోడ. పొద్దున జావా క్లాసు, ఆ తర్వాత ఆప్టిట్యూడ్, రాత్రి పన్నెండు దాకా అప్లికేషన్లు. నాలుగో నెలలో ఓ కంపెనీ ఆన్‌లైన్ టెస్ట్ రాస్తున్నా. రైళ్ల వేగం మీద లెక్క వచ్చింది. ఇంటర్ నుంచీ చేస్తున్న రకమే. నాలుగుసార్లు చదివాను. అక్షరాలు కనిపిస్తున్నాయి, విషయం మాత్రం బుర్రకెక్కడం లేదు. టైమర్ సున్నాకి వచ్చేసింది.

ఆ ఆదివారం మా రూమ్మేట్ ‘లేవరా, పబ్లిక్ గార్డెన్స్‌కి వెళ్లొద్దాం’ అన్నాడు. ‘మా నాన్న డబ్బులు పంపేది పార్కుల్లో తిరగడానికా?’ అన్నాను. వాడు వినిపించుకోలేదు. మెట్రో ఎక్కించి అసెంబ్లీ స్టేషన్లో దింపాడు. లోపల పెద్ద పెద్ద చెట్లు, వాటి కింద బెంచీలు. ఒకాయన గొట్టం పట్టుకుని మొక్కలకి నీళ్లు పెడుతున్నాడు. తడిమట్టి వాసన వస్తోంది. మొదటి పది నిమిషాలు ‘ఇప్పుడు గదిలో ఉంటే ఓ చాప్టర్ అయిపోయేది’ అని లెక్కలేసుకున్నా. ఆ తర్వాత ఎప్పుడు ఆపేశానో గుర్తులేదు. ఉడుతల్ని చూస్తూ కూర్చున్నాం. గంటన్నర అయ్యాక లేచి, బయట చాయ్ తాగి వచ్చేశాం.

ఆ మధ్యాహ్నం అదే రకం లెక్కలు పది చేస్తే ఎనిమిది కరెక్టయ్యాయి. పార్కు నాకు కొత్తగా తెలివేమీ ఇవ్వలేదు. అలసిపోయి మూలన పడున్నదాన్ని లేపిందంతే.

బుర్ర ఎందుకు మొరాయిస్తుంది?

అది నా ఒక్కడి అనుభవమే అనుకున్నా. తర్వాత చదివితే తెలిసింది, దీనిమీద దశాబ్దాలుగా పరిశోధనలు జరుగుతున్నాయని. అమెరికాలోని మిషిగన్ యూనివర్సిటీకి చెందిన రేచల్ కాప్లాన్, స్టీఫెన్ కాప్లాన్ దంపతులు 1989లో వచ్చిన తమ పుస్తకంలో మన ఏకాగ్రత గురించి ఓ సంగతి వివరించారు.

లెక్క చేయడం, కోడ్ రాయడం, కరెంట్ అఫైర్స్ గుర్తుపెట్టుకోవడం... వీటికి మనం పట్టుబట్టి దృష్టి పెట్టాలి. పక్క గదిలో పాట, ఫోన్‌లో నోటిఫికేషన్, ‘వాడికి జాబ్ వచ్చిందట’ అన్న ఆలోచన... వీటన్నింటినీ తోసిపుచ్చుతూ పనిచేయాలి. ఈ తోసిపుచ్చే పనికే శక్తి ఖర్చవుతుంది. గంటలకొద్దీ చేస్తే అది అలసిపోతుంది. అప్పుడే చదివిన లైనే మళ్లీ మళ్లీ చదువుతాం. చిన్నదానికే చిరాకుపడతాం. ఇంట్లోవాళ్లు ఫోన్ చేస్తే విసుక్కుంటాం.

రెండో రకం దృష్టి వేరు. గాలికి ఊగే ఆకులు, నీళ్లలో కలువలు, కొమ్మ మీద పిట్ట... ఇవి మన ప్రయత్నం లేకుండానే కళ్లని లాక్కుంటాయి, అలాగని పూర్తిగా కట్టిపడేయవు. ఆ కాసేపూ మొదటి రకం దృష్టి విశ్రాంతి తీసుకుంటుంది.

‘రీల్స్ చూసినా రిలాక్స్ అవుతాం కదా’ అని మీరు అడగొచ్చు. రీల్ కూడా దృష్టిని లాక్కుంటుంది, కానీ వదిలిపెట్టదు. పదిహేను సెకన్లకో కొత్త విషయం, కొత్త శబ్దం. చెట్టు అలా కాదు. మీరు చూసినా చూడకపోయినా దానికి పట్టింపు లేదు. అందులోనే ఉంది హాయి.

నడిచి వచ్చి... అంకెలు వెనక్కి చెప్పారు

అదే యూనివర్సిటీలో మార్క్ బెర్మన్ బృందం చేసిన ఓ ప్రయోగం 2008లో అచ్చయింది. విద్యార్థులకి కొన్ని అంకెలు వినిపించి, వాటిని వెనక నుంచి ముందుకు చెప్పమన్నారు. మన ఆప్టిట్యూడ్ టెస్టుల్లాంటిదే. తర్వాత వాళ్లని 50 నిమిషాలకి పైగా నడిచి రమ్మన్నారు. ఒకసారి చెట్ల తోటలో, ఇంకోసారి రద్దీగా ఉండే టౌన్ రోడ్డు మీద. తిరిగొచ్చాక మళ్లీ అదే పరీక్ష. తోటలో నడిచొచ్చినప్పుడు స్కోరు సుమారు 20 శాతం పెరిగింది. రోడ్డు మీద నడిచొచ్చినప్పుడు చెప్పుకోదగ్గ మార్పు లేదు.

ఇందులో నాకు బాగా నచ్చిన విషయం ఇంకోటుంది. కొందరు గడ్డకట్టే జనవరి చలిలో నడిచారు. వాళ్లకి ఆ నడక ఏమంత సంతోషంగా అనిపించలేదు. అయినా స్కోరు మెరుగైంది. అంటే పార్కుకి వెళ్లడానికి మీ మూడ్ బాగుండాల్సిన పనిలేదు. రిజెక్షన్ మెయిల్ వచ్చిన రోజు కూడా వెళ్లొచ్చు. నిజానికి ఆ రోజే వెళ్లాలి.

మా హాస్టల్ కిటికీ గోడ గురించి చెప్పా కదా. రోజర్ అల్‌రిక్ అనే పరిశోధకుడు 1984లో ప్రచురించిన అధ్యయనంలోనూ అలాంటి గోడే ఉంది. పెన్సిల్వేనియాలోని ఓ ఆస్పత్రిలో గాల్‌బ్లాడర్ ఆపరేషన్ అయిన రోగుల రికార్డులు ఆయన పరిశీలించాడు. కొందరి కిటికీలోంచి చెట్లు కనిపించేవి, కొందరికి ఇటుకల గోడ. చెట్లు కనిపించినవాళ్లు కాస్త ముందుగా డిశ్చార్జ్ అయ్యారు. బలమైన నొప్పి మందులూ తక్కువే వాడారు. మనం గది మార్చలేకపోవచ్చు. వారానికోసారి గది దాటి రావడం మాత్రం మన చేతుల్లోనే ఉంది.

మీకు దగ్గర్లో ఏముంది?

అమీర్‌పేటలో ఉంటే: మియాపూర్–ఎల్బీనగర్ మెట్రో లైన్లో ఐదో స్టేషన్ అసెంబ్లీ. అక్కడి నుంచి నడిచి వెళ్తే నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్. పాత పేరు బాగ్-ఎ-ఆమ్, అంటే సామాన్యుల తోట. నిజాంల కాలం నాటిది. స్టేట్ మ్యూజియం, జూబ్లీ హాల్ ఈ ఆవరణలోనే ఉన్నాయి.

అశోక్‌నగర్, చిక్కడపల్లిలో గ్రూప్స్‌కి చదువుతుంటే: ఇందిరా పార్కు నడిచి వెళ్లేంత దూరమే. 76 ఎకరాలు. పక్కనే ధర్నా చౌక్. నోటిఫికేషన్ల కోసం, ఫలితాల కోసం నిరుద్యోగులు గొంతెత్తే చోటు. గోడకి అటువైపు నినాదాలు, ఇటువైపు చెట్ల నీడ. మన వయసువాళ్లకి రెండూ అవసరమే.

హైటెక్ సిటీ, మాదాపూర్ వైపు ఇంటర్వ్యూలకి తిరుగుతుంటే: కొత్తగూడ కూడలి దగ్గర కోట్ల విజయభాస్కరరెడ్డి బొటానికల్ గార్డెన్ ఉంది. సుమారు 270 ఎకరాలు. ఔషధ మొక్కలు, వెదురు, తాటి జాతులు... ఇలా విభాగాలుగా పెంచుతున్నారు. జూబ్లీహిల్స్‌లోని కేబీఆర్ పార్కు దాదాపు 390 ఎకరాలు. 1998 నుంచి అది జాతీయ పార్కు. నగరం మధ్యలో నెమళ్లు కనిపించే చోటు.

ఆంధ్రప్రదేశ్‌లో: విశాఖలో బీచ్ రోడ్డు పక్కనున్న పార్కులు, ఆంధ్రా యూనివర్సిటీ క్యాంపస్‌లోని చెట్ల దారులు సాయంత్రం నడకకి బాగుంటాయి. ఒకరోజు వీలు చేసుకోగలిగితే అరకు పద్మాపురం గార్డెన్స్. రెండో ప్రపంచ యుద్ధకాలంలో సైనికులకి కూరగాయలు పండించడానికి మొదలుపెట్టిన తోట ఇది. గోదావరి జిల్లాల వాళ్లకైతే కడియం నర్సరీలు ఉండనే ఉన్నాయి. మొక్క కొనకపోయినా ఆ వరసల మధ్య నడిచి రావచ్చు.

బెంగళూరు వెళ్లి పీజీలో ఉంటే: లాల్‌బాగ్‌ని వదలొద్దు. మెట్రో స్టేషనే ఉంది. 1760లో హైదర్ అలీ మొదలుపెట్టిన తోట, 240 ఎకరాలు. అందులో ఓ పెద్ద రాతి గుట్ట ఉంది, వయసు దాదాపు 300 కోట్ల ఏళ్లు. రెజ్యూమెలో ఏడాది గ్యాప్ ఉందని బెంగపడేవాళ్లు ఓసారి దాని మీద కూర్చుని చూడాలి.

ఇవేవీ దగ్గర్లో లేకపోతే మీ కాలేజీ వెనక చెట్లున్నా చాలు. ఊరి చెరువు గట్టయినా పర్వాలేదు.

బోర్డు మీద మన తెలుగు

బొటానికల్ గార్డెన్‌కీ మామూలు పార్కుకీ తేడా ఒకటే. అక్కడ చెట్లకి పేరు బోర్డులుంటాయి. మొదట్లో నేను పట్టించుకునేవాణ్ని కాదు. ఇప్పుడు వెళ్లిన ప్రతిసారీ ఒక్క చెట్టు పేరైనా నేర్చుకుని వస్తా. ఎవరూ పరీక్ష పెట్టరని తెలిసి నేర్చుకోవడం ఎంత హాయో!

అలా వెతుకుతుంటే ఓ కథ దొరికింది. విలియం రాక్స్‌బర్గ్ అనే స్కాట్లాండ్ డాక్టర్ ఈస్టిండియా కంపెనీలో ఉద్యోగానికి వచ్చాడు. 1780ల్లో మన సామర్లకోటలో ఉంటూ చుట్టుపక్కల మొక్కల్ని శోధించాడు. స్థానిక చిత్రకారులతో వాటి బొమ్మలు వేయించాడు. తెలుగువాళ్లు ఏ మొక్కని ఏమని పిలుస్తారో కూడా రాసుకున్నాడు. 1793లో కలకత్తా బొటానికల్ గార్డెన్ బాధ్యతలు తీసుకున్నాడు. భారతీయ వృక్షశాస్త్ర పితామహుడని ఆయన్ని అంటారు.

ఆయన వర్ణించిన చెట్లలో సోమిద ఒకటి. దాని బెరడు జ్వరానికి మందుగా వాడేవాళ్లు. తర్వాతి శాస్త్రవేత్తలు ఆ చెట్టు జాతికి మన తెలుగు పేరునే ఖాయం చేశారు. సొయ్‌మిడా ఫెబ్రిఫ్యూజా. రెండో మాటకి జ్వరాన్ని తరిమేది అని అర్థం. ప్రపంచంలో ఎక్కడ ఏ వృక్షశాస్త్రజ్ఞుడు ఆ చెట్టు గురించి రాసినా మన మాట రాయాల్సిందే. మద్దిచెట్టు కింద బోర్డు చూస్తే, శాస్త్రీయ నామం పక్కన రాక్స్‌బర్గ్ పేరు పొట్టిగా కనిపించవచ్చు. వెళ్లినప్పుడు వెతకండి.

ఇలా మొదలుపెట్టండి

• వారానికి రెండు గంటలు టార్గెట్. ఇంగ్లండ్‌లో దాదాపు 20 వేల మందిని సర్వే చేసి 2019లో ప్రచురించిన అధ్యయనంలో, వారానికి 120 నిమిషాలు ప్రకృతిలో గడిపినవాళ్లు అసలు గడపనివాళ్లకంటే తమ ఆరోగ్యం, మనసు బాగున్నాయని ఎక్కువగా చెప్పారు. ఒకేసారి గడిపినా, ముక్కలుగా గడిపినా తేడా లేదట. సర్వే కాబట్టి అదే కారణమని తేల్చి చెప్పలేం. ప్రయత్నిస్తే మాత్రం పోయేదేమీ లేదు.

• ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. కాల్ లెటర్ ఆ గంటలోనే వస్తుందన్న భయముంటే సైలెంట్‌లో పెట్టి బ్యాగ్‌లో వేయండి. ఇయర్‌ఫోన్స్ వద్దు.

• పుస్తకం తీసుకెళ్లొద్దు. ‘అక్కడే కూర్చుని చదువుకుంటా’ అనుకుంటే బెంచీ మారుతుంది, అలసట మారదు.

• సగంసేపు నడవండి, సగంసేపు కూర్చోండి. ఫ్రెండ్‌తో వెళ్తే ప్యాకేజీల ముచ్చట్లు గేటు బయటే వదిలేయండి.

• టైమింగ్స్, సెలవు రోజు, టికెట్ ధర ముందే చూసుకోండి. పొద్దున్నే వెళ్తే ఎండా ఉండదు, రద్దీ ఉండదు. నీళ్ల బాటిల్ మరవొద్దు.

• పరీక్షకి ముందురోజు సాయంత్రం ఆఖరి గంట రివిజన్ బదులు ఒక గంట నడక ప్రయత్నించండి.

తప్పు చేస్తున్నామనే భావన

అన్నింటికంటే కష్టమైనది ఫోన్ ఆపడం కాదు. ‘ఉద్యోగం లేనివాడికి పార్కులేంటి’ అని మనలో మనమే తిట్టుకోవడం ఆపడం. విశ్రాంతి అనేది ఉద్యోగం వచ్చాక దొరికే బహుమతి అని మనకెవరో చెప్పినట్టుంటాం. నేనూ అదే నమ్మాను. అందుకే ఆ నాలుగు నెలలూ పుస్తకం ముందు కూర్చునే ఉన్నా, చదివింది మాత్రం సగమే.

పార్కుకి వెళ్తే ఉద్యోగం వస్తుందని చెప్పను. ఆ ఆదివారం తర్వాత నాకు మరో ఆరు నెలలు పట్టింది. మధ్యలో మూడు ఇంటర్వ్యూలు పోయాయి. కానీ ఆ ఆరు నెలలు మొదటి నాలుగు నెలల్లా గడవలేదు. ఇంటికి ఫోన్ చేసి మామూలుగా మాట్లాడగలిగాను.

ఇంకో మాట. వారాల తరబడి నిద్రపట్టకపోయినా, దేనిమీదా ఆశ కలగకపోయినా పార్కు ఒక్కటే సరిపోదు. ఇంట్లోవాళ్లకి చెప్పండి, డాక్టర్ని కలవండి. కేంద్ర ప్రభుత్వ టెలి మానస్ హెల్ప్‌లైన్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడొచ్చు. డబ్బులక్కర్లేదు.

వచ్చే ఆదివారం నాన్న ఫోన్ చేసి ‘ఏం చేస్తున్నావురా’ అంటే దాచొద్దు. పార్కులో ఉన్నా అని చెప్పండి. నేను భయపడుతూనే చెప్పా. అటువైపు ఒక్క క్షణం ఆగి, మా నాన్న అన్నారు: ‘మంచిది. ఎండెక్కకముందే గదికెళ్లు.’