ప్యాకేజీల పరస్పర ఆధారం: చిక్కు ఏర్పడినప్పుడు చేయవలసినదేమి?

పుస్తకాల బీరువా ఎంత అవసరమో, కంప్యూటరు కూడ అంత అవసరమైన సామగ్రిగా నేటి గ్రంథాలయాలలో స్థానం సంపాదించుకున్నది. లైసెన్సు రుసుము చెల్లించనవసరం లేని స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ను మన దేశంలో అనేక విద్యాసంస్థలు ఆదరిస్తున్నాయి. కేరళ రాష్ట్రంలోని ప్రభుత్వ పాఠశాలలకై అక్కడి ‘కైట్’ సంస్థ ఉబుంటు ఆధారంగా ఒక ఆపరేటింగ్ సిస్టమ్‌ను రూపొందించింది. కేంద్ర ప్రభుత్వ సంస్థ అయిన సీ-డాక్ 2007లో ‘బాస్’ అనే పేరుతో, అనగా ‘భారత్ ఆపరేటింగ్ సిస్టమ్ సొల్యూషన్స్’ అనే పేరుతో, భారతీయ భాషలకు అనువైన ఆపరేటింగ్ సిస్టమ్‌ను వెలువరించింది. గ్రంథ సూచికలను, పుస్తకాల రాకపోకలను నిర్వహించే ‘కోహా’ సాఫ్ట్‌వేర్ న్యూజిలాండులోని ఒక గ్రంథాలయంలో 2000 సంవత్సరం నుండి వాడుకలోకి వచ్చి, మన కళాశాలలకు కూడ చేరింది. మావోరీ భాషలో కోహా అనగా కానుక.

బాస్, ఉబుంటు రెండింటికి మూలం ‘డెబియన్’. కోహాను కంప్యూటరులో ఎక్కించుకొనడానికి ప్రామాణికమైన మార్గం కూడ డెబియన్ ప్యాకేజీలే. కనుక వీటన్నింటిలోను ఒకే విధమైన చిక్కు అప్పుడప్పుడు తలెత్తుతుంది. ఏదో ఒక కార్యక్రమాన్ని ఎక్కించబోయినప్పుడు, ‘కావలసిన ఆధారాలు తీరలేదు’ అనే అర్థం వచ్చే సందేశం తెరపై కనిపిస్తుంది; పని ఆగిపోతుంది. దీనికి బెదిరి, కంప్యూటరును పూర్తిగా తుడిచి మళ్లీ మొదటి నుండి ఆపరేటింగ్ సిస్టమ్‌ను ఎక్కించేవారు ఉన్నారు. ఆ తొందరలో, వేరొకచోట ప్రతి తీసి ఉంచని గ్రంథ సూచిక అంతా నశించే ప్రమాదం ఉన్నది. నిజానికి ఆ సందేశం వైఫల్యాన్ని ప్రకటించేది కాదు. ఉన్న వ్యవస్థ చెడిపోకుండ కాపాడడానికి యంత్రం చెప్పే హెచ్చరిక అది. దానిని చదవడం నేర్చుకుంటే చాలావరకు చిక్కు అక్కడే విడిపోతుంది.

ప్యాకేజీ అనగా నేమి?

ఒక కార్యక్రమం నడవడానికి కావలసిన ఫైళ్లను ఒకచోట చేర్చి కట్టిన మూటయే ప్యాకేజీ. ఈ మూటకు ఒక వివరపత్రం కూడ జతచేసి ఉంటుంది. అందులో ప్యాకేజీ పేరు, కూర్పు సంఖ్య, అది పనిచేయడానికి తప్పనిసరిగా ఉండవలసిన ఇతర ప్యాకేజీల పేర్లు, ఏయే ప్యాకేజీలతో దానికి పొత్తు కుదరదో ఆ వివరాలు నమోదై ఉంటాయి. తప్పనిసరిగా ఉండవలసిన వాటినే ‘డిపెండెన్సీలు’ అంటారు. ఈ వ్యాసంలో వాటిని ‘ఆధారాలు’ అని పిలుచుకుందాం.

డెబియన్‌ను 1993లో ఇయాన్ మర్డాక్ ప్రారంభించాడు. ప్యాకేజీలను విప్పి, అమర్చి, ఖాతాలో వ్రాసుకొనే పనిని అందులో ‘డీపీకేజీ’ అనే కార్యక్రమం చేస్తుంది. ఐతే అది చేతికి ఇచ్చిన మూటను మాత్రమే చూడగలదు. లేని ఆధారాన్ని వెతికి తేలేదు. ఆ కొరత తీర్చడానికి ‘ఆప్ట్’ అనే కార్యక్రమం తయారై, 1999లో వెలువడిన డెబియన్ 2.1తో అందరికి అందుబాటులోకి వచ్చింది. ఇది ఇంటర్నెట్‌లోని ప్యాకేజీ భాండాగారాల జాబితాను దగ్గర ఉంచుకొని, ఏ ప్యాకేజీకి ఏవేవి కావాలో లెక్కచూచి, అన్నింటిని వరుసగా తెచ్చి అమర్చుతుంది.

పంచుకొనడం ఎందుకు?

ప్రతి కార్యక్రమం తనకు కావలసినదంతా తనలోనే ఉంచుకొనవచ్చు గదా, ఇతరులపై ఆధారపడడం దేనికి అని ఎవరికైనా సందేహం కలుగవచ్చు. కార్యక్రమాలు ఉమ్మడిగా వాడుకొనే సంకేత భాగాలను కంప్యూటరు పరిభాషలో కూడ ‘లైబ్రరీలు’ అనే అంటారు. ఆ పేరు సార్థకమైనది. ఊరిలోని ప్రతి ఇంటిలోను ఒక్కొక్క నిఘంటువు ఉండనక్కరలేదు. గ్రంథాలయంలో ఒక్కటి ఉంటే అందరూ చూచుకొనవచ్చు.

ఇందువల్ల స్థలం ఆదా కావడమే గాక, మరొక గొప్ప ప్రయోజనం ఉన్నది. 2014 ఏప్రిల్‌లో ‘ఓపెన్ ఎస్ఎస్ఎల్’ అనే ఉమ్మడి లైబ్రరీలో ‘హార్ట్‌బ్లీడ్’ అనే తీవ్రమైన భద్రతా లోపం బయటపడింది. రహస్య సమాచారాన్ని భద్రంగా చేరవేయడానికి ఎన్నో కార్యక్రమాలు ఆ లైబ్రరీనే ఉపయోగించేవి. ఉమ్మడి పద్ధతి ఉన్న కంప్యూటర్లలో ఆ ఒక్క లైబ్రరీని సరిదిద్ది, దానిని వాడే కార్యక్రమాలను తిరిగి ప్రారంభించడంతో లోపం తొలగిపోయింది. ఎవరికి వారు సొంత ప్రతిని ఉంచుకొని ఉంటే, ఒక్కొక్క కార్యక్రమాన్ని విడివిడిగా వెతికి సరిచేయవలసి వచ్చేది.

పంచుకొన్నప్పుడు ఒడంబడిక కూడ అవసరమౌతుంది. ఒక కార్యక్రమం కొత్త కూర్పును కోరుతుంది, మరొకటి పాత కూర్పుతోనే పనిచేస్తుంది. రెండు కూర్పులు పక్కపక్కన ఇమడవు. సమస్య పుట్టేది ఇక్కడే. ఏ ప్యాకేజీని ఎక్కించవచ్చునో తేల్చే ఈ లెక్క ఎంత కఠినమైనదో 2006లో ఐరోపా పరిశోధకులు నిరూపించారు. ఆధారాలు, వైరుధ్యాలు ఎంతగా పెనవేసుకున్నా వేగంగా జవాబు చెప్పగల సర్వసాధారణ సూత్రమేదీ ఈ తరగతి సమస్యలకు గణితంలో ఇంతవరకు దొరకలేదు. అయినా నిత్యవ్యవహారంలో ఆప్ట్ క్షణాలలో దారి చూపుతున్నదంటే, ఒక విడుదలలోని ప్యాకేజీలు ఒకదానితో ఒకటి పొసగేటట్లు ముందే పరీక్షించి కూర్చిన స్వచ్ఛంద కార్యకర్తల శ్రమయే అందుకు ముఖ్య కారణం.

సందేశాన్ని చదివే పద్ధతి

ఒక ఉదాహరణ చూద్దాం. 2021లో వెలువడిన డెబియన్ 11 ఉన్న కంప్యూటరులో, ఎక్కడి నుండియో దింపుకొన్న ఒక ప్యాకేజీని ఎక్కించబోయారనుకుందాం. ‘ఈ ప్యాకేజీకి లిబ్‌సీ6 ఆధారం; 2.34 లేదా ఆ పైకూర్పు కావాలి. ఇక్కడ ఉన్నది 2.31’ అనే భావంతో సందేశం వచ్చింది.

ఈ ఒక్క వాక్యంలో మూడు విషయాలు ఉన్నాయి. కోరుతున్నది ఎవరు, కోరిన వస్తువు ఏది, ఉన్నదానికి కోరినదానికి గల అంతరమెంత అన్నవే అవి. లిబ్‌సీ6 అనేది దాదాపు అన్ని కార్యక్రమాలకు పునాదియైన లైబ్రరీ. డెబియన్ 11లో దాని కూర్పు 2.31, 2023లో వచ్చిన డెబియన్ 12లో 2.36. అనగా తెచ్చిన ప్యాకేజీ డెబియన్ 12 వంటి కొత్త విడుదలకై తయారైనదని అర్థం చేసుకొనవచ్చు. అప్పుడు సరియైన మార్గాలు రెండే. డెబియన్ 11కై తయారుచేసిన కూర్పును వెతకడం ఒకటి. ఆపరేటింగ్ సిస్టమ్ మొత్తాన్ని పై విడుదలకు మార్చడం రెండవది. పునాది రాతిని ఒక్కదానిని లాగి కొత్తది పెట్టబోతే, దానిపై నిలిచిన ఇల్లంతా కదులుతుంది.

చిక్కుకు సాధారణంగా కనిపించే కారణాలు కొద్దివే. భాండాగారాల జాబితా పాతబడి ఉండడం. వేరు వేరు విడుదలల భాండాగారాలను కలిపి రాయడం. ఏదో ఒక ప్యాకేజీని మార్చరాదని ఎప్పుడో నిలిపి ఉంచడం. పని నడుస్తుండగా కరెంటు పోయి అమరిక సగంలో ఆగడం. విడుదలకు గడువు తీరి దాని భాండాగారాన్ని పాత దస్తావేజుల చోటికి తరలించడం.

క్రమంగా చేయవలసిన పనులు

అన్నింటికంటె ముందు గ్రంథ సూచికకు, ముఖ్యమైన ఫైళ్లకు వేరొక చోట ప్రతి తీసి ఉంచాలి. తరువాత ఈ క్రమం పాటించడం మేలు.

మొదట, ‘ఆప్ట్ అప్‌డేట్’ అనే ఆదేశంతో జాబితాను తాజాపరచాలి. అనేక సందర్భాలలో ఇంతటితోనే పని పూర్తవుతుంది. ఏదైనా భాండాగారం దొరకలేదని ఇక్కడ తెలిస్తే, చిరునామాల జాబితాను పరిశీలించాలి. అందులో ఒకే విడుదలకు చెందినవే ఉన్నాయో లేదో కూడ చూడాలి.

రెండవది, సగంలో ఆగిన పని ఉంటే ‘డీపీకేజీ కాన్ఫిగర్ ఏ’ ఆదేశంతో దానిని పూర్తిచేయించాలి. ఈ ఆదేశంలో కాన్ఫిగర్ ముందు రెండు అడ్డగీతలు, ఏ ముందు ఒక అడ్డగీత ఉంచాలి. మరొక కార్యక్రమం ఇదే పనిలో ఉన్నదని, తాళం పడి ఉన్నదని సందేశం వస్తే, ఆ తాళం ఫైలును చెరపకుండ, నడుస్తున్న పని ముగిసేవరకు ఆగడం వివేకం.

మూడవది, ‘ఆప్ట్ ఇన్‌స్టాల్’ ఆదేశానికి ‘ఫిక్స్-బ్రోకెన్’ అనే మాటను రెండు అడ్డగీతలతో చేర్చి ఇస్తే, లోపించిన ఆధారాలను ఆప్ట్ వెతికి తెస్తుంది. కొన్నిసార్లు అది ప్యాకేజీలను తొలగించవలెనని కూడ ప్రతిపాదిస్తుంది. అంగీకారం తెలిపే ముందు ఆ జాబితాను ఆసాంతం చదవాలి.

నాల్గవది, ‘ఆప్ట్-మార్క్ షోహోల్డ్’ ఆదేశం నిలిపి ఉంచిన ప్యాకేజీలను చూపుతుంది. ‘ఆప్ట్-కాష్ పాలసీ’ ఆదేశం పక్కన ప్యాకేజీ పేరు చేర్చితే, ప్రస్తుతం ఉన్న కూర్పు ఏది, రానున్నది ఏది, అది ఏ భాండాగారం నుండి వస్తున్నది అన్నవి తెలుస్తాయి. బయటి భాండాగారం ఒకటి చిక్కుకు మూలమైతే ఇక్కడ పట్టుబడుతుంది.

దింపుకొన్న ప్యాకేజీ ఫైలును డీపీకేజీకి నేరుగా ఇవ్వడం కంటె, ఆప్ట్ ద్వారా ఎక్కించడం మంచిది. అది ఆధారాలను కూడ వెంట తెస్తుంది. ఏ మార్పునైనా ముందుగా నమూనాగా నడిపి చూచే సదుపాయం ఆప్ట్‌లో ఉన్నది. ఆదేశంలో ‘ఎస్’ అనే అక్షరాన్ని ఒక అడ్డగీతతో చేర్చితే, ఏమి జరుగగలదో చెప్పును గాని దేనిని ముట్టుకొనదు.

బలవంతం తగదు

ఆధారాలను లెక్కచేయకుండ బలవంతంగా ఎక్కించే ఆదేశాలు కూడ ఉన్నాయి. అవి సందేశాన్ని అణచివేస్తాయే గాని లోటును తీర్చవు. దీనికి 2021 నవంబరులో లోకం దృష్టికి వచ్చిన ఒక ఉదంతం చాలు. కెనడాకు చెందిన లైనస్ సెబాస్టియన్ అనే ప్రసిద్ధ వీడియో సమర్పకుడు, ఉబుంటు నుండి పుట్టిన ‘పాప్ ఓఎస్’లో ‘స్టీమ్’ అనే ఆటల ప్యాకేజీని ఎక్కించబోయాడు. భాండాగారంలో ప్యాకేజీలు అప్పటికి సరిగా పొసగక, ఆప్ట్ చూపిన దారి తెరను నడిపే ముఖ్యమైన ప్యాకేజీలనే తొలగించేదిగా ఉన్నది. ప్రమాదమని హెచ్చరించి, అవును, చెప్పినట్లే చేయుమని పూర్తి వాక్యం టైపు చేయమని అడిగింది. అతడు టైపు చేశాడు. కిటికీలు, బొమ్మలు గల తెర మాయమై, అక్షరాలు మాత్రమే కనిపించే నల్లని తెర మిగిలింది. తప్పు ఉపయోగించిన వానిదా, తయారుచేసిన వారిదా అనే వాదం చాలాకాలం సాగింది. అత్యవసర ప్యాకేజీలను అంత సులువుగా తొలగించడానికి వీలులేకుండ ఆప్ట్ రూపకర్తలు దానిని సవరించారు. ఆ ఉదంతం నుండి రెండు పక్షాల వారికీ పాఠమున్నది.

మరికొన్ని మార్గాలు

కార్యక్రమాన్ని, దాని ఆధారాలను ఒకే మూటలో కట్టి ఇచ్చే ‘ఫ్లాట్‌ప్యాక్’, ‘స్నాప్’, ‘యాప్‌ఇమేజ్’ వంటి పద్ధతులు కూడ నేడు ఉన్నాయి. పాత ఆపరేటింగ్ సిస్టమ్‌పై ఒక కొత్త కార్యక్రమం తప్పనిసరి ఐనప్పుడు ఇవి ఎంతో ఉపకరిస్తాయి. ఐతే ఇవి ఎక్కువ స్థలం తీసుకుంటాయి; లోపల ఉన్న లైబ్రరీలలో లోపాలు బయటపడితే ఆ మూటను కట్టినవారే సరిచేయాలి. కోహా వలె డేటాబేసుతోను, వెబ్ సర్వరుతోను ముడిపడిన పెద్ద వ్యవస్థకు మాత్రం, దాని రూపకర్తలు సూచించిన విడుదలను ఎంచుకొని, ఆ విడుదల భాండాగారాలకే కట్టుబడడం క్షేమం.

ప్రతి విద్యాసంస్థలోను కంప్యూటరు నిపుణుడు ఉండడం సాధ్యం కాదు. కాని ఏ కంప్యూటరులో ఏ విడుదల ఉన్నది, దాని గడువు ఎప్పటికి తీరుతుంది, బయటి భాండాగారాలు ఏవి చేర్చారు, ఎప్పుడు ఏ మార్పు చేశారు అన్న సంగతులను ఒక నోటు పుస్తకంలో వ్రాసి ఉంచడం ఎవరికైనా సాధ్యమే. పుస్తకాల జమాఖర్చులను శ్రద్ధతో వ్రాసే గ్రంథాలయ సిబ్బందికి ఇది కొత్త విద్య కాదు. రేపు చిక్కు ఏర్పడినప్పుడు ఆ నాలుగు పంక్తులే మొదటి ఆధారం కాగలవు.