కన్నీటిని ఆపవద్దు - శోకవేగానికి లొంగవద్దు

శరీరానికి వేగాలున్నట్లే మనస్సుకూ వేగాలున్నాయి. చరక సంహిత సూత్రస్థానంలోని ఏడవ అధ్యాయం ఈ రెండింటినీ వేరు చేసి చెప్పింది. మలమూత్రాలు, తుమ్ము, ఆవులింత, ఆకలి, దప్పిక, నిద్ర మొదలైన పదమూడు శారీరక వేగాలను బలవంతంగా ఆపరాదు. ఆపితే రోగాలు పుడతాయి. లోభం, శోకం, భయం, క్రోధం, ఈర్ష్య వంటి మనోవేగాలను మాత్రం నిగ్రహించుకోవాలి.

ఇక్కడ పాఠకులు ఒక విశేషాన్ని గమనించాలి. ఆపకూడని పదమూడింటిలో కన్నీరు ఒకటి. నిగ్రహించవలసిన వాటిలో శోకం ఒకటి. ఏడుపును ఆపవద్దన్న శాస్త్రమే శోకాన్ని నిగ్రహించమనడం పైకి విరుద్ధంగా తోస్తుంది. గురుకులంలో ఈ అధ్యాయం చదువుకొన్న నాటి నుండి నేను దీనిని ఇలా గ్రహించాను: కలిగిన బాధను కాదనవద్దు, ఆ బాధ పురికొల్పిన పనిని తక్షణమే చేయవద్దు.

పాశ్చాత్య మనోవైద్యం కూడా వేరొక దారిన ఈ చోటికే చేరింది. అమెరికాలోని సియాటిల్ నగరంలో, వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన మార్షా లినెహాన్ అనే మనస్తత్వవేత్త 'డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ' అనే చికిత్సను రూపొందించారు. ఆత్మహత్యా ప్రయత్నాలు పదేపదే చేసే వారికి ఇది మేలు చేస్తుందని తెలిపే ఆమె పరిశోధన 1991లో వెలువడింది. తాను కూడా యౌవనంలో అటువంటి యాతన అనుభవించానని 2011లో ఆమె బహిరంగంగా చెప్పారు. ఉన్న స్థితిని అంగీకరించడం, దానిని మార్చుకోవడం - విరుద్ధంగా కనిపించే ఈ రెండింటినీ కలిపి సాధన చేయించడమే ఈ చికిత్సలోని కీలకం.

మన సీమకు దీని అవసరం

1864లో బందరును ముంచిన ఉప్పెనను మనం చరిత్రలో చదువుకొన్నాం. 1977 నవంబరు 19న దివిసీమపై విరుచుకుపడిన ఉప్పెన పదివేల మందికి పైగా పొట్టన పెట్టుకొన్నది. దానిని కళ్లారా చూసినవారు నేడు మన ఇళ్లలో తాతలు, అమ్మమ్మలు. నాగాయలంక, కోడూరు, అవనిగడ్డ ప్రాంతాలలో కార్తీక మాసపు గాలి కాస్త హోరెత్తితే ముద్ద మింగలేని పెద్దలున్నారు. "ఎప్పుడో జరిగినదానికి ఇప్పుడు భయమేమిటి?" అని వారిని గదమాయించడం వైద్యం కాదు. వారికీ, వారిని చూసుకొనే వారికీ ఉపకరించే నాలుగు సాధనలు ఈ చికిత్సలో ఉన్నాయి.

మొదటిది: సాక్షిగా చూడటం. "నా పని అయిపోయింది" అనుకోవడానికి బదులు, "భయం వచ్చింది, గుండె దడదడలాడుతోంది, అరచేతులు చెమర్చాయి" అని ఉన్నది ఉన్నట్లు మనస్సులో చెప్పుకోవాలి. పేరు పెట్టి పిలిచిన వేగం కొంత పట్టు సడలిస్తుంది.

రెండవది: తట్టుకోవడం. వేగం పెల్లుబికినప్పుడు హితబోధలు చెవికెక్కవు. ముందు శరీరాన్ని చల్లబరచాలి. పళ్లెంలో చల్లని నీరు పోసి, ఊపిరి బిగబట్టి, అరనిమిషం లోపు ముఖం ముంచితే గుండె వేగం తగ్గుతుంది. హృద్రోగులు, నాడి మందగించినవారు దీనిని చేయరాదు. వారు నాలుగు అంకెలు లెక్కించేవరకు గాలి పీల్చి, ఆరు అంకెలవరకు మెల్లగా విడిచిపెడితే చాలు.

మూడవది: నిజం తరచి చూసి నడవడం. భయమంతా భ్రమ కాదు. వాతావరణ శాఖ హెచ్చరించి, అధికారులు ఊరు ఖాళీ చేయమన్నప్పుడు కలిగే భయం హితకరం. దాని మాట విని తుఫాను రక్షణ కేంద్రానికి వెళ్లాలి. ఏ హెచ్చరికా లేని సాయంత్రం, కేవలం గాలి చప్పుడుకు కలిగిన భయం జ్ఞాపకం తెచ్చినది. అప్పుడు తలుపులు మూసుకొని మంచం పట్టక, దానికి ఎదురు నడవాలి: ఇంటివారితో కలిసి అరుగు మీద కూర్చోవాలి, వేళకు భోజనం చేయాలి.

నాలుగవది: మాట తీరు. 2023 డిసెంబరు 5న బాపట్ల వద్ద తీరం దాటిన మిచాంగ్ తుఫాను కృష్ణా డెల్టాలో చేతికి వచ్చిన వరిని తడిపింది. గుడివాడ వైపు పంట తడిసిన ఒక ఇంటిని ఊహించండి. అప్పు మీది దిగులు యజమాని నోట కోపమై ఇల్లాలి మీద పడుతుంది. ఆమె ఎదురు తిట్టినా, లోలోపల కుమిలినా ఫలితం లేదు. "ఏమండీ, మూడు రోజులుగా అన్నం దగ్గర కసురుకొంటున్నారు. నాకు కష్టంగా ఉంది. అప్పు లెక్కలు భోజనాలయ్యాక ఇద్దరం కూర్చుని చూద్దాం. పిల్లలు కూడా స్థిమితంగా నాలుగు ముద్దలు తింటారు" అనవచ్చు. జరిగినది, తనకు కలిగిన బాధ, తాను కోరేది, దానివల్ల మేలు - ఈ నాలుగూ వరుసగా చెప్పడమే ఇందులోని నేర్పు. చేయి చేసుకొనే ఇంట్లో మాత్రం మాట నేర్పు మీద ఆధారపడక ఇతరుల సహాయం కోరాలి.

ఆహారం, నిద్ర

దేహం బడలినప్పుడు మనోవేగాలు విజృంభిస్తాయి. వేళకు తినడం, చాలినంత నిద్ర, వ్యాయామం, మత్తు పదార్థాల వర్జన లినెహాన్ పద్ధతిలోనూ భాగాలే. మన శాస్త్రం ఆహారాన్ని, నిద్రను దేహానికి ఉపస్తంభాలన్నది. రాత్రి పడుకోబోయే ముందు అరికాళ్లకు గోరువెచ్చని నువ్వులనూనె మర్దించుకోవడం సుఖమిస్తుంది. కన్నీరు బిగబట్టడం వల్ల కలిగే బాధలకు చరకుడు నిద్రను, ప్రియమైన కబుర్లను కూడా చికిత్సగా చెప్పాడు. కనుక దుఃఖంలో ఉన్నవారి పక్కన కూర్చుని నాలుగు మంచి మాటలు చెప్పడం కూడా వైద్యంలో భాగమే.

ఈత వరదలో నేర్చుకొనేది కాదు. ఈ సాధనలను మనస్సు నెమ్మదిగా ఉన్న రోజులలోనే దినానికి పది నిమిషాలు అభ్యసించాలి. చనిపోవాలనే తలంపు, తన్ను తాను గాయపరచుకోవడం, వారాల తరబడి నిద్రాహారాలు లేకపోవడం ఉంటే గృహవైద్యంతో కాలయాపన తగదు. వెంటనే మానసిక వైద్యుని చూపించాలి. ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలి మానస్‌కు 14416 నంబరుపై ఫోను చేసి ఉచితంగా సలహా పొందవచ్చు. అటువంటి వారిని ఒంటరిగా విడిచిపెట్టరాదు.