మన పొలం కింద ఏముందో ముందు మనమే చదవాలి

మాచర్ల నాపరాళ్లు, పిడుగురాళ్ల సున్నపు బట్టీలు పల్నాడులో అందరికీ తెలిసినవే. కానీ ఆ సున్నపురాయి ఏ ఊరి కింద ఉందో చూపే పటాన్ని మనలో ఎంతమందిమి చూశాం? గని కోసం వచ్చేవాళ్లు ఆ పటం చూశాకే ఊళ్లో అడుగుపెడతారు. అసైన్డ్ భూమే ఆధారమైన దళిత కుటుంబానికి ఈ తేడా చిన్నది కాదు.

ఆ పటం రహస్యమేమీ కాదు. 1851లో మొదలైన జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా తన పటాలను ‘భూకోశ్’ వెబ్‌సైట్‌లో అందరికీ అందుబాటులో పెట్టింది. గురజాల, మాచర్ల, దాచేపల్లి వైపు చూస్తే కడప బేసిన్‌లో భాగమైన పల్నాడు ప్రాంతం కనిపిస్తుంది. కోట్ల ఏళ్ల కిందటి సముద్రం అడుగున పొరలుగా పేరుకున్న సున్నపురాయి, షేల్ అక్కడివి. పటంలో ‘నార్జి’ అన్న పేరు కనిపిస్తే అది సున్నపురాయే. నరసరావుపేట వైపు వస్తే గ్రానైటు జాతి రాళ్లు మొదలవుతాయి.

ఈ పటానికి ఒక హద్దుంది. 1:50,000 పటంలో ఒక సెంటీమీటరు అంటే నేల మీద అర కిలోమీటరు. ఎకరం పొలం అందులో ఒక చుక్క. కాబట్టి అది ఊరి సంగతి చెబుతుందే కానీ, మన చేను సంగతి చెప్పదు.

చేను సంగతి సర్వే నంబర్లలో ఉంటుంది. పర్యావరణ అనుమతుల దరఖాస్తులు కేంద్ర ప్రభుత్వ ‘పరివేష్’ పోర్టల్‌లో ఉంటాయి. వాటిలోని సర్వే నంబర్లను ‘మీభూమి’ అడంగల్‌తో పోల్చాలి. అనుభవదారు గడిలో మన పేరు లేకపోతే సవరణకు అర్జీ అప్పుడే పెట్టాలి.

నీళ్ల లెక్కా చూడాలి. సున్నపురాయి పగుళ్లలోనే భూగర్భజలం నడుస్తుంది. గని నీటిమట్టం కంటే లోతుకు దిగితే నీళ్లు తోడిపోయాలి, అప్పుడు చుట్టుపక్కల బోర్లు ఎండే ప్రమాదం ఉంది. గని ఎంత లోతు, నీళ్లు ఎంత లోతు అన్న రెండు అంకెలను నివేదికలో వెతకాలి.

2006 ఈఐఏ నోటిఫికేషన్ ప్రకారం ప్రజాభిప్రాయ సేకరణకు కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, నివేదిక సారాంశం తెలుగులోనూ ఉండాలి. ఊళ్లో చదువుకున్న పిల్లలు ఆ నెల రోజుల్లో ఈ పటాలు, నంబర్లు పేటలో పెద్దలకు చదివి వినిపిస్తే, సభలో మైకు అందినప్పుడు మన చేతిలో ఆధారం ఉంటుంది.