పాత బోటు, కొత్త ఇంజను: బిగించే ముందు కొలవాలి

ఈ వార్షికోత్సవ సంచికలో కంప్యూటర్ల గురించి, పోటీ పరీక్షల గురించి రాసేవారు చాలామంది ఉంటారు. నేను సముద్రం ఒడ్డున పెరిగినవాడిని కాబట్టి పాత మోటారు బోటును బాగుచేయడం గురించి రాస్తున్నాను. మన హాస్టల్లో చదివినవారిలో కొందరి ఇళ్లు బోటు మీదే గడుస్తాయి. కొత్త బోటు కొనే స్తోమత ఉండదు. ఎవరో వాడి వదిలేసినది కొంటాం, అప్పు చేసి దానికి ఇంజను బిగిస్తాం. ఆ ఇంజను సరిగ్గా కూర్చోకపోతే వేట పోతుంది, అప్పు మాత్రం మిగులుతుంది. నడిసముద్రంలో ఆగిపోతే ప్రాణాలకే ముప్పు.

మన తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, అంటే 61 రోజులు, ఇంజను బోట్లకు వేట నిషేధం. మరమ్మతులకు దొరికే సమయం అదే. కాకినాడ జగన్నాథపురం దగ్గర ఉప్పుటేరు ఒడ్డుకు ఆ రోజుల్లో వెళితే సుత్తి దెబ్బలు, రంగు వాసన, రెజిన్ వాసన తప్ప మరేమీ ఉండవు. ఆ రెండు నెలల్లో ఏ పని ముందు, ఏ పని తర్వాత అన్నది తెలిస్తే సగం డబ్బు మిగులుతుంది.

తప్పు ఇంజనుదేనా?

మూడేళ్ల క్రితం మా నాన్న మరో ఇద్దరితో కలిసి ఒక పాత ఫైబర్ బోటు కొన్నారు. అమ్మినవారు అంతకు ముందే పాత ఇంజను తీసేసి వేరే డీజిల్ ఇంజను పెట్టారు. మెల్లగా నడిపితే బాగానే ఉండేది. స్పీడు పెంచితే బోటంతా వణికేది. నాలుగు రోజులకోసారి బోల్టులు వదులయ్యేవి. షాఫ్టు బయటకు వెళ్లే చోట నీరు కారేది. ఇద్దరు మెకానిక్కులు వచ్చి నాజిళ్లు మార్చారు, ఆయిల్ మార్చారు. డబ్బు అయింది గానీ వణుకు పోలేదు.

చివరికి ఒక పెద్ద మేస్త్రి వచ్చి ఇంజనును ముట్టుకోలేదు. కప్లింగు బోల్టులు నాలుగూ విప్పి, రెండు బిళ్లల మధ్య ఫిల్లర్ గేజి దూర్చి చూశారు. పైన ఉన్న సందు కింద ఉన్నదానికి ఎన్నో రెట్లు ఉంది. ఇంజను కాళ్ల కింద చూస్తే చెక్క ముక్కలు. ఆ చెక్క ముక్కల కింద బెడ్డు మెత్తబడిపోయి ఉంది. "ఇంజనుకి జబ్బు లేదయ్యా, అది కూర్చున్న పీటకి జబ్బు" అన్నారాయన. ఆ ఒక్క మాటలో ఈ వ్యాసం మొత్తం ఉంది.

ముందుగా బెడ్డు చూడాలి

ఫైబర్ బోటులో ఇంజను కూర్చునే దిమ్మెలను బెడ్డు అంటారు. చాలా పాత బోట్లలో ఇవి లోపల చెక్క, పైన ఫైబర్ తొడుగు. బోల్టు రంధ్రాల గుండా నీరు, ఆయిల్ లోపలికి దిగి చెక్క కుళ్లిపోతుంది. పైకి మాత్రం నున్నగా కనిపిస్తుంది. దీన్ని కనిపెట్టడానికి మూడు పరీక్షలున్నాయి.

1. సుత్తి పిడితో తట్టాలి. గట్టిగా ఉన్నచోట 'ఠక్' మని మోగుతుంది. కుళ్లిన చోట, పొరలు విడిపోయిన చోట 'బొద్' మంటుంది.

2. ఇంజను కాళ్ల బోల్టులు బిగించి చూడాలి. ఎంత తిప్పినా బిగుసుకోకుండా తిరుగుతూనే ఉంటే లోపల పట్టు లేదన్నమాట.

3. అనుమానం వస్తే బెడ్డు పక్క నుంచి సన్నని రంధ్రం వేయాలి. వచ్చే పొట్టు పొడిగా, లేత రంగులో ఉంటే మంచిది. నల్లగా, తడిగా వస్తే ఆ చెక్క మొత్తం తీసేయాలి.

కొత్త చెక్క పెట్టేటప్పుడు అది బాగా ఎండినదై ఉండాలి. చుట్టూ ఉన్న పాత ఫైబర్‌ను గరుకుగా అరగదీసి, ఆయిల్ మరక లేకుండా తుడిచి, అప్పుడు పొరలు వేయాలి. ఆయిల్ మీద రెజిన్ పట్టదు. బోల్టు రంధ్రాల లోపలి గోడలకు కూడా రెజిన్ పూయాలి. లేకపోతే మళ్లీ అదే దారిన నీరు దిగుతుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక. పాలియెస్టర్ రెజిన్‌లో కలపడానికి యాక్సిలరేటర్ అని ఒకటి, క్యాటలిస్ట్ అని ఒకటి విడివిడిగా సీసాల్లో ఇస్తారు. ఈ రెండింటినీ నేరుగా ఒకదానిలో ఒకటి ఎప్పుడూ పోయకూడదు. మంటలు లేస్తాయి, పేలవచ్చు కూడా. యాక్సిలరేటర్‌ను ముందు రెజిన్‌లో పూర్తిగా కలిపాకే క్యాటలిస్ట్ పోయాలి. క్యాటలిస్ట్ చుక్క కంట్లో పడితే చూపు పోయే ప్రమాదం ఉంది. కళ్లద్దాలు, చేతి తొడుగులు లేకుండా ఈ పని మొదలుపెట్టవద్దు.

అలైన్‌మెంట్ అంటే ఏమిటి?

ఇంజను నుంచి వచ్చే ఇరుసు, పంకాకు వెళ్లే షాఫ్టు ఒకే సరళరేఖలో ఉండాలి. ఈ రెండింటినీ కలిపే ఇనుప బిళ్లల జంటే కప్లింగు. బోల్టులు బిగిస్తే బిళ్లలు ఎలాగూ దగ్గరకు వస్తాయి. అందుకే చాలామంది కొలవకుండా బిగించేస్తారు. కానీ వంకరను బలవంతంగా బిగిస్తే షాఫ్టు ప్రతి చుట్టులోనూ వంగుతూ తిరుగుతుంది. నిమిషానికి వెయ్యికి పైగా చుట్లు తిరిగే షాఫ్టు అలా ఎన్నాళ్లు ఆగుతుంది? ముందు బేరింగు అరుగుతుంది, తర్వాత గ్లాండు కారుతుంది, గేరుబాక్సు చెడుతుంది, ఏదో ఒక రోజు షాఫ్టే విరుగుతుంది.

కొలిచే పద్ధతి ఇది. బోటు ఒడ్డున ఉన్నప్పుడు చేసినది తాత్కాలికమే. దిమ్మెల మీద కూర్చున్న బోటు ఆకారం వేరు, నీటిలో తేలే బోటు ఆకారం వేరు. కాబట్టి బోటును నీటిలోకి దించి, కనీసం ఒక రోజు ఉంచి, డీజిల్ నింపి అప్పుడు అసలు కొలత తీయాలి.

మొదట రెండు బిళ్లల కేంద్రాలు కలవాలి. విడిగా వేలాడే షాఫ్టు తన బరువుకు కిందికి వాలుతుందని గుర్తుంచుకుని, దాన్ని సరైన ఎత్తుకు ఆనించి పెట్టాలి. బలవంతం లేకుండా ఒకటి ఇంకొకదానిలో కూర్చోవాలి. తర్వాత పైన, కింద, కుడి, ఎడమ నాలుగు చోట్ల ఫిల్లర్ గేజితో సందు కొలవాలి. 100 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న కప్లింగుకు ఈ నాలుగు కొలతల మధ్య తేడా 0.1 మిల్లీమీటరు దాటకూడదన్నది వాడుకలో ఉన్న లెక్క. మనం రాసుకునే నోటుబుక్కు కాగితం మందం సుమారు అంతే!

సందు ఎటువైపు ఎక్కువగా ఉందో ఇంజను ముందు భాగాన్ని అటు జరపాలి. పైన ఎక్కువగా ఉంటే ముందు కాళ్లు ఎత్తాలి, ఎడమ పక్క ఎక్కువగా ఉంటే ముందు భాగాన్ని ఎడమకు జరపాలి. ఎత్తడానికి కాలు మొత్తం ఆనేంత ఇనుప రేకులు వాడాలి. చెక్క ముక్కలు నలిగిపోతాయి.

ఇంకొక చిట్కా ఉంది. షాఫ్టును పావు చుట్టు చొప్పున తిప్పుతూ మళ్లీ మళ్లీ కొలవాలి. ఎక్కువ సందు అదే చోట ఉండిపోతే ఇంజను స్థానం తప్పు. సందు షాఫ్టుతో పాటు తిరుగుతుంటే షాఫ్టు వంగింది, లేదా కప్లింగు వంకరగా ఉంది. అప్పుడు ఇంజనును ఎంత జరిపినా లాభం లేదు, షాఫ్టును లేతు మిషను దగ్గరకు తీసుకెళ్లాలి.

మిగిలినవి

పొలంలో నీళ్లు తోడే ఇంజనును నేరుగా షాఫ్టుకు తగిలించకూడదు. పంకా నీటిని వెనక్కి తోస్తే, ఆ తోపు షాఫ్టు గుండా ముందుకు వస్తుంది. దాన్ని మోయడానికి గేరుబాక్సులో థ్రస్ట్ బేరింగు ఉండాలి. అది లేకపోతే ఇంజను లోపలి భాగాలే ఆ తోపు మోసి పాడవుతాయి.

ఇంజను మారితే పంకా కూడా సరిచూడాలి. పూర్తి రైజింగులో కంపెనీ చెప్పిన చుట్లు అందుకోలేక నల్లపొగ కక్కుతుంటే పంకా ఆ ఇంజనుకు పెద్దదని అర్థం. పాత డీజిల్ ట్యాంకు అడుగున నీరు, మడ్డి ఉంటాయి, కడగకుండా కొత్త ఇంజనుకు కలపవద్దు. పాత పద్ధతి గ్లాండు నడిచేటప్పుడు నిమిషానికి కొన్ని చుక్కలు కారడం సహజమే. చుక్క కూడా రాకుండా బిగిస్తే షాఫ్టు వేడెక్కి అరుగుతుంది.

మా బోటు బెడ్డు మార్చి, కొలిచి బిగించాక అదే ఇంజను, అవే నాజిళ్లతో వణుకు లేకుండా నడిచింది. అప్పటిదాకా అయిన ఖర్చు మాత్రం ఎవరూ తిరిగి ఇవ్వలేదు.

తమ్ముళ్లూ! ఫిజిక్స్ ల్యాబులో స్క్రూగేజి పట్టుకుని రీడింగులు తీసేటప్పుడు ఇది ఎందుకు పనికొస్తుందని మనం విసుక్కుంటాం. ఆ మేస్త్రి ఎనిమిదో తరగతి కూడా చదవలేదు, కానీ మిల్లీమీటరులో పదో వంతు విలువ ఆయనకు తెలుసు. సెలవుల్లో ఇంటికి వెళ్లినప్పుడు మీ వాళ్లు పాత బోటు బేరం ఆడుతుంటే పక్కన నిలబడండి. డబ్బు చేతులు మారకముందే బెడ్డు తట్టి చూడండి, కప్లింగు విప్పి కొలవమనండి. మన ఇంట్లో మొదటిగా చదువుకున్నవాళ్లం మనమే కాబట్టి, ఆ కొలత అడగాల్సింది కూడా మనమే.