పాతికేళ్ల కలయిక – ఆరు వందల రూపాయల కవరు



సంక్రాంతి సెలవులు వచ్చినా, వేసవి సెలవులు వచ్చినా మన ఊళ్లలో ఇప్పుడు ఎక్కడ చూసినా పూర్వ విద్యార్థుల సమ్మేళనాలే. పదో తరగతి వాళ్లు, ఇంటర్ వాళ్లు, కాలేజీ వాళ్లు పాతికేళ్లు నిండగానే ఒకచోట చేరుతున్నారు. గురువులకు శాలువలు కప్పి, ఫొటోలు దిగి, చదువుకున్న చోటికి తమవంతుగా ఏదో ఒకటి ఇచ్చి వస్తున్నారు. "సిస్టర్, ఆదివారానికల్లా నన్ను డిశ్చార్జి చేయించండి, మా బ్యాచ్ వాళ్లంతా కలుస్తున్నారు" అని వార్డులో నన్ను బతిమాలినవారు కూడా ఉన్నారు. అందుకే ఈసారి మందులు, పథ్యాల సంగతి కాస్త పక్కనపెట్టి, ఈ ఇవ్వడం గురించి రాస్తున్నాను. ఇందులో నేను చేసిన ఒక పొరపాటు కూడా ఉంది.

ఈ అలవాటు కొత్తది కాదు

అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో 1880లో పట్టా పుచ్చుకున్న బ్యాచ్, 1905లో తమ పాతికేళ్ల కలయిక సందర్భంగా లక్ష డాలర్లు పోగుచేసి కళాశాలకు ఇచ్చింది. అప్పట్లో అమెరికా అధ్యక్షుడిగా ఉన్న థియోడర్ రూజ్‌వెల్ట్ ఆ బ్యాచ్ వారే. పాతికేళ్ల కానుక అనే ఆనవాయితీ అక్కడ అలా మొదలైంది.

అంత దూరం ఎందుకు, మన గుంటూరునే చూడండి. 1946లో మొదలైన గుంటూరు వైద్య కళాశాలలో చదివి అమెరికాలో స్థిరపడిన డాక్టర్లు 'జింకానా' అనే సంఘం పెట్టుకున్నారు. వాళ్లు తమ కళాశాలను, ప్రభుత్వాసుపత్రిని మరిచిపోలేదు. 2022లో డాక్టర్ గవిని ఉమ గారు అక్కడి తల్లీబిడ్డల విభాగం భవనానికి సుమారు 20 కోట్ల రూపాయలు ఇస్తున్నట్టు ప్రకటించారు. తన పేరు పెట్టవద్దని చెప్పి, దివంగతులైన తన భర్త డాక్టర్ కానూరి రామచంద్రరావు గారి పేరుకు మాత్రం ఒప్పుకున్నారట. ఆ వార్త చదివి మా స్టాఫ్ గదిలో అందరం చాలాసేపు దాని గురించే మాట్లాడుకున్నాం.

కోట్లు ఇవ్వగలిగినవారి సంగతి సరే. మనలాంటివారి మాటేమిటి?

గేటు ఉంది, బొమ్మలు లేవు

మా నర్సింగ్ బ్యాచ్‌లో 28 మందిమి. 1994లో శిక్షణ ముగించుకున్నాం. 2019 డిసెంబరులో రజతోత్సవం జరుపుకుందామని అనుకున్నప్పుడు లెక్కలు చూసే పని నాకు అప్పజెప్పారు. తలా 15,000 రూపాయలు అని నిర్ణయించాం. అందులో 10,000 స్కూలుకు, మిగతాది భోజనాలకు, ఒకే రంగు చీరలకు. స్కూలు ముందు మా బ్యాచ్ పేరుతో ఆర్చి గేటు కట్టిద్దామని అందరూ ఉత్సాహపడ్డారు.

ఈ మాట చెప్పడానికి మా పాత ట్యూటర్ గారి దగ్గరికి వెళ్లాం. ఆవిడ అంతా విని నవ్వి, "గేటు ఉందమ్మా. పిల్లలు నేర్చుకోవడానికి బొమ్మలే లేవు" అన్నారు.

బొమ్మలంటే ఆటబొమ్మలు కావు. పుట్టిన బిడ్డకు ఊపిరి ఎలా అందించాలో నేర్పే శిక్షణ బొమ్మలు. చాలామంది బిడ్డలు పుట్టగానే తమంతట తామే ఏడుస్తారు. కొద్దిమంది ఏడవరు. అటువంటి బిడ్డను వెంటనే తుడిచి, వెచ్చగా ఉంచి, వీపు మీద మెల్లగా రుద్దాలి. అప్పటికీ ఊపిరి తీసుకోకపోతే మొదటి నిమిషం లోపలే ముక్కూ నోరూ మూసేలా మాస్కు పెట్టి, బ్యాగు నొక్కి గాలి అందించాలి. దీన్నే బంగారు నిమిషం అంటారు. ఆ నిమిషంలో పుస్తకం తెరిచి చూసే వ్యవధి ఉండదు. చేతికి ముందే అలవాటై ఉండాలి. ఆ అలవాటు బొమ్మ మీద పదిసార్లు, ఇరవైసార్లు చేస్తేనే వస్తుంది.

గేటు మానేసి బొమ్మలే ఇచ్చాం. అది మంచి నిర్ణయమే.

నా పొరపాటు

డబ్బు కట్టినవారి పేర్లు, ఎదురుగా మొత్తం, వాట్సాప్ గ్రూపులో ప్రతి ఆదివారం పెట్టేదాన్ని. అలా పెడితే తొందరగా వసూలవుతుందని నా ఆలోచన. 23 మంది కట్టారు, ఆ 23 మందే వచ్చారు. రానివారిలో హాస్టల్లో నా పక్క మంచం స్నేహితురాలు ఒకరు. ఇంజెక్షన్ చేయడం నేర్చుకునేటప్పుడు నా చెయ్యి వణుకుతుంటే, "ముందు నాకే చెయ్యవే, ఏం కాదులే" అని తన చెయ్యి చాపిన మనిషి. "డ్యూటీ ఉంది, రాలేను" అని గ్రూపులో రాసింది. నేను నమ్మేశాను.

రెండు వారాల తరువాత పక్షవాతం వచ్చిన భర్తను చూపించుకోవడానికి మా ఆసుపత్రికి వచ్చింది. ఓపీ దగ్గర నన్ను పక్కకు పిలిచి చేతిలో ఒక కవరు పెట్టింది. అందులో ఆరు వందల రూపాయలు. "ఇది స్కూలుకే. పదిహేను వేలు నా వల్ల కాలేదు. ఆ లిస్టులో నా పేరు ఖాళీగా కనపడుతుంటే ఎలా రావాలే?" అంది.

చిన్న ఊళ్లో ఒక ప్రైవేటు నర్సింగ్ హోంలో ఆమె జీతం ఎంతో ఊహించలేనంత దూరంలో ఏమీ లేను నేను. అయినా ఆలోచించలేదు. ఇద్దామని పిలిచి, ఇవ్వలేనివారిని గుమ్మం బయట నిలబెట్టాను. రెండు కాసులు వేసిన విధవరాలి సంగతి ఎన్నిసార్లు విన్నానో! వినడం వేరు, లెక్కల పుస్తకం చేతిలో ఉన్నప్పుడు గుర్తుండటం వేరు.

ఆ ఆరు వందలతో శిక్షణ బ్యాగుకు విడి మాస్కులు కొని స్కూలుకు పంపాం.

రెండోసారి

2024లో ముప్పై ఏళ్ల కలయిక. ఈసారి మొత్తం నిర్ణయించలేదు, లిస్టు పెట్టలేదు. చీరలు ఎవరివి వారివే. హాలు గుమ్మం దగ్గర మూత పెట్టిన డబ్బా ఒకటి ఉంచాం. కోవిడ్ రెండో విడతలో ఒక స్నేహితురాలిని పోగొట్టుకున్నాం. మిగిలిన 27 మందిలో 26 మంది వచ్చారు. డబ్బాలో రెండు లక్షల రూపాయలు వచ్చాయి. 2019 కంటే తక్కువే. ఆ సొమ్మును స్కూలు పేర బ్యాంకులో డిపాజిట్ చేయించాం. ఏడు శాతం వడ్డీ అనుకుంటే ఏడాదికి 14,000. ఒక పేద విద్యార్థినికి పూర్తి ఫీజు రాదు గాని పుస్తకాలకు, యూనిఫారానికి, పరీక్ష ఫీజుకు ఆసరా అవుతుంది. అసలు కదలదు కాబట్టి మా తరువాత కూడా ఆ ఆసరా ఉంటుంది.

మీ కలయికకు ముందు

– ఏం ఇవ్వాలో మీరే అనుకోకండి. ప్రిన్సిపాల్‌ను, టీచర్లను, వీలైతే ఇప్పుడు చదివే పిల్లలను అడగండి.

– భోజనాల ఖర్చు, కానుక వేరువేరుగా పెట్టండి. కానుకకు ఇంతని కట్టడి వద్దు, పేర్ల పట్టిక వద్దు.

– డబ్బు వ్యక్తుల ఖాతాల్లో కాక సంస్థ ఖాతాలోనే జమ చేయండి. రసీదు తప్పక తీసుకోండి.

– విదేశీ పౌరసత్వం తీసుకున్న మిత్రులు ఇచ్చేది, ఓసీఐ కార్డు ఉన్నా సరే, చట్టం ప్రకారం విదేశీ విరాళమే. ఎఫ్‌సీఆర్‌ఏ అనుమతి ఉన్న సంస్థ మాత్రమే, ఢిల్లీలో స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలోని తన ఖాతా ద్వారా దాన్ని తీసుకోవాలి. ముందుగా స్కూలు ఆఫీసులో కనుక్కోండి.

– అన్నిటికన్నా ముఖ్యం: "రాలేను" అన్నవారికి మెసేజీ కాదు, ఫోన్ చేయండి. ఇంటికి వెళ్లగలిగితే ఇంకా మంచిది.

2024లో నా స్నేహితురాలు వచ్చింది. మధ్యాహ్నం అందరం ల్యాబుకు వెళ్లాం. రెండో సంవత్సరం అమ్మాయి ఒకతె బొమ్మ మీద మాస్కు సరిగా ఆనించలేక తడబడుతుంటే, మా స్నేహితురాలు పక్కన చేరి, "గడ్డం కొంచెం పైకెత్తు తల్లీ, ఇప్పుడు నొక్కు" అంది. బొమ్మ ఛాతీ పైకి లేచింది. ఆ అమ్మాయి చేతిలో ఉన్న మాస్కు ఎవరి డబ్బుతో కొన్నదో నేను చెప్పలేదు. ఆమె కూడా అడగలేదు.