ఇంజను గట్టిదే, రేకే పలచన

బానెట్ ఎత్తి ఎయిర్ ఫిల్టర్ డబ్బా విప్పితే, ఆరు సిలిండర్ల ఇంజను పక్కన రెండు కార్బొరేటర్లు నోరు తెరుచుకుని కనిపిస్తాయి. ముందుది మొదటి మూడు సిలిండర్లకు, వెనకది మిగతా మూడింటికి. రెండూ సమానంగా గాలి పీలుస్తున్నాయో లేదో కొలిచే పరికరాలున్నాయి. చేయి తిరిగినవాళ్ళు మాత్రం మూరెడు రబ్బరు పైపు ముక్కతోనే పని కానిస్తారు. ఒక కొస చెవి దగ్గర, రెండో కొస కార్బొరేటర్ నోటి దగ్గర. బుస్సుమని చప్పుడు. పైపును రెండోదాని దగ్గరికి మారుస్తారు. అక్కడ బుస కాస్త సన్నగా ఉందనుకోండి, స్క్రూ పావు వంతు తిప్పుతారు. మళ్ళీ మొదటిదాని దగ్గరికి. అలా పదిసార్లు అటూ ఇటూ తిరిగాక రెండు బుసలూ ఒకే శ్రుతికి వస్తాయి. అప్పటిదాకా ఒళ్ళంతా వణుకుతున్న ఇంజను కుదురుగా ఆడటం మొదలుపెడుతుంది.

ఆ కారు డాట్సన్ 240జెడ్. జపాన్‌లో దాని పేరు ఫెయిర్‌లేడీ జెడ్. 1969 చివర్లో బయటికొచ్చింది. పాత జపాన్ స్పోర్ట్స్ కార్లను బాగుచేసుకునేవాళ్ళలో చాలామంది మొదట చేయి పెట్టేది దీనిమీదే.

మనకు డాట్సన్ అనగానే గుర్తొచ్చేది కొన్నేళ్ళ కిందట చెన్నై దగ్గర తయారై, 2022లో ఆగిపోయిన గో అనే చిన్న కారు. ఈ జెడ్‌కీ దానికీ పేరులో తప్ప పోలిక లేదు. నిజానికి మనకు తెలిసిన చుట్టరికం వేరే ఉంది. జెడ్ కార్బొరేటర్లు హిటాచీ కంపెనీవి, కానీ తీరు మాత్రం బ్రిటిష్ ఎస్‌యూ రకం. పాత అంబాసిడర్‌లో ఉన్నదీ ఎస్‌యూయే. అంతకుముందు తరంలో ఈ బంధుత్వం ఇంకా దగ్గరిది. 1952లో నిస్సాన్ కంపెనీ ఇంగ్లండు ఆస్టిన్‌తో ఒప్పందం చేసుకుని వాళ్ళ కార్లను జపాన్‌లో బిగించింది. అందులో ఆస్టిన్ ఏ50 కారుకున్న 1489 సీసీ ఇంజనూ, మన అంబాసిడర్‌కు 1950ల చివర వచ్చిన ఇంజనూ ఒకే కుదురువి. జెడ్‌లోని ఆరు సిలిండర్ల ఇంజను ఆ వంశానిది కాదు గానీ, ఆ కార్బొరేటర్ పైమూత విప్పి లోపల నూనె ఉందో లేదో చూడాలని అంబాసిడర్ మెకానిక్‌కు ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ నూనె ఎండిపోతే లోపలి పిస్టన్ ఒక్కసారిగా ఎగురుతుంది. యాక్సిలరేటర్ తొక్కగానే బండి ముందుకు దూకాల్సింది పోయి ఒక్క క్షణం నీళ్ళు నములుతుంది. ఇంజను పోయిందని భయపడి వేలు ఖర్చుపెట్టేవాళ్ళున్నారు. కావలసింది రెండు చెంచాల నూనె.

ఈ కారుకు అంత పేరు ఎందుకొచ్చిందో రెండు మాటల్లో చెప్పుకుందాం. అమెరికాలో నిస్సాన్ వ్యాపారం చూసిన యుటాకా కటయామా, జపాన్‌లో డిజైన్ బృందాన్ని నడిపిన యోషిహికో మత్సువో, ఈ ఇద్దరి పట్టుదలే దీని పుట్టుక. 2.4 లీటర్ల ఇంజను, 151 హార్స్‌పవర్, నాలుగు చక్రాలకూ విడివిడి సస్పెన్షన్, చూపు తిప్పుకోనివ్వని పొడవాటి ముక్కు. అమెరికాలో ధర 3,526 డాలర్లు. అలాంటి రూపం కావాలంటే అప్పటిదాకా జాగ్వార్ లాంటి వాటికి అంతకు ఎంతో ఎక్కువ పెట్టాల్సి వచ్చేది. మిస్టర్ కె అని అందరూ పిలిచే కటయామా 105 ఏళ్ళు బతికి 2015లో పోయారు. తూర్పు ఆఫ్రికా సఫారీ ర్యాలీని ఈ కారు 1971లో ఒకసారి, 1973లో మరోసారి గెలిచింది. రెండోసారి తోలినవాడు ఉగాండాలో పుట్టిన భారతీయ సంతతి డ్రైవర్ శేఖర్ మెహతా. మట్టి, బురద, బండరాళ్ళ మీద వేల కిలోమీటర్లు పరుగెత్తిన బండి ఇది.

అంత గట్టి బండి ఇంటి ముందు ఊరికే నిలబడి చచ్చిపోయింది. అదీ దీని కథలో విచిత్రం.

ఈ తరం జెడ్‌లు 1978 దాకా ఐదు లక్షలకు పైగా తయారయ్యాయి. వాటిలో ఎక్కువ భాగాన్ని మింగింది ప్రమాదాలు కావు, తుప్పు. అప్పటి రేకు పలచన. తుప్పు పట్టకుండా పూసే పూతలు ఇప్పటి కార్లతో పోలిస్తే నామమాత్రం. అమెరికా ఉత్తరాది రాష్ట్రాల్లో చలికాలం మంచు కరగడానికి రోడ్లమీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పునీళ్ళు కింద చేరితే ఇక చెప్పేదేముంది? అందుకే పాత జెడ్ కొనేవాడు ఇంజను చప్పుడు విని మురిసిపోతే మోసపోయినట్టే. ముందు చూడాల్సింది ముద్దుగా మెరిసే రంగు కింద ఏముందో. జేబులో చిన్న అయస్కాంతం పెట్టుకుని వెళ్ళండి. చక్రం పైన, తలుపు వెనక కింది మూలల్లో ఆనించండి. ఠక్కున అతుక్కుంటే రేకు. జారిపోతే అక్కడున్నది పుట్టీ.

తుప్పు ఎక్కడ పుడుతుందో తెలిస్తే సగం పని అయినట్టే. అద్దం కింద, బానెట్ వెనక అంచున గాలి లోపలికి వెళ్ళే జాలీ ఒకటి ఉంటుంది. వాన నీళ్ళూ అందులోకే దిగి, రెండు పక్కలా మడ్‌గార్డుల లోపలి నుంచి కిందికి పోవాలి. చెట్టు కింద కారు ఆపితే ఆకులూ ఆ దారినే వెళ్తాయి. మడ్‌గార్డు వెనక అడుగున అవి కుళ్ళి, మట్టితో కలిసి, తడి ఆరని ముద్దవుతాయి. పైకి ఏమీ కనిపించదు. కొన్నేళ్ళకు రంగు మీద చిన్న బొబ్బ లేస్తుంది. ఆ బొబ్బను గోటితో గిల్లితే వేలు లోపలికి పోతుంది. బ్యాటరీ కింద పళ్ళెం ఇంకో చోటు. యాసిడ్ చుక్కలు పడి పళ్ళెం చిల్లులవుతుంది. అక్కణ్ణుంచి కారి ఛాసీ పట్టీని తింటుంది. కాళ్ళ కింది కార్పెట్ ఎత్తితే ఒక్కోసారి రోడ్డే కనిపిస్తుంది.

ఇక్కడ టింకరింగ్ పని మొదలవుతుంది. రిస్టోరేషన్‌లో డబ్బూ కాలమూ ఎక్కువ తినేది ఇదే. తుప్పు పట్టిన రేకు కోసేసి కొత్తది అతకడం వినడానికి తేలిక. తలుపు కింది పట్టీ కోసిన మరుక్షణం కారు నడుము వంగుతుంది, మంచం కోడు తీసేసినట్టు. తలుపు మళ్ళీ మూసుకోదు. అందుకే కత్తి పెట్టకముందే తలుపు సందులో ఇనుప పట్టీలు అడ్డంగా వెల్డ్ చేసి బిగిస్తారు. అతికేటప్పుడు కూడా వెల్డింగ్ గీత ఒక్క ఊపులో లాగరు. ఇక్కడ ఒక చుక్క, జానెడు దూరంలో ఇంకో చుక్క, మళ్ళీ వెనక్కి వచ్చి మధ్యలో. ఒకేచోట వేడి పెడితే పలచటి రేకు అప్పడంలా మెలికలు తిరుగుతుంది. తొందరపడ్డ ఆ పది నిమిషాలను సుత్తితో సరిచేయడానికి పది రోజులు పడుతుంది.

ఇంజను పని దీంతో పోలిస్తే పండగ. ఇనుప బ్లాకు, అల్యూమినియం హెడ్డు, బెల్టుకు బదులు చెయిను. టాపెట్లు మన చేత్తో సెట్ చేసుకోవచ్చు. ఇంజను వేడి మీద ఇన్‌లెట్‌కు 0.25 మిల్లీమీటరు, ఎగ్జాస్ట్‌కు 0.30. ఫీలర్ గేజ్, రెండు పానాలు ఉంటే చాలు. ఒక్క ఉచ్చు మాత్రం ఉంది. హెడ్డు విప్పేముందు చెయిను రెండు వరసల మధ్య ఒక చెక్క మేకు దిగ్గొట్టాలి. లేకపోతే చెయిను వదులై, దాన్ని బిగువుగా పట్టుకునే టెన్షనర్ లోపల ఊడిపడుతుంది. ఆ చిన్న ముక్కను మళ్ళీ చోట పెట్టడానికి ఇంజను ముందు మూతంతా విప్పాలి. పాత చెక్కపెట్టె ముక్కతో చెక్కుకున్న మేకు ఒకటి జెడ్ మెకానిక్ దగ్గర తప్పకుండా ఉంటుంది.

రేడియేటర్‌లో ఉత్త నీళ్ళు పోసే అలవాటు మనకు బాగా ఉంది. ఈ ఇంజనుకు అది విషం. ఇనుమూ అల్యూమినియమూ ఒకే నీళ్ళలో ఉంటే నష్టపోయేది అల్యూమినియమే. కూలెంట్ లేకుండా ఏళ్ళు నడిస్తే హెడ్డు లోపలి నీటి దారులు చీమలు తిన్న బెల్లంలా అవుతాయి. ఇంజనాయిల్ విషయంలోనూ జాగ్రత్త కావాలి. కొత్త ఆయిళ్ళలో జింకు తగ్గించారు, సైలెన్సర్ దారిలోని కెటలిటిక్ కన్వర్టర్ పాడవకుండా. ఈ ఇంజనులో క్యామ్ మీద రాకర్లు నేరుగా రాసుకుంటాయి. కాబట్టి దీనికి ఆ జింకు ఉన్న ఆయిలే వెతికి పోయాలి.

మంచి మెకానిక్‌ను కూడా ఏడిపించే పని వెనక సస్పెన్షన్‌లో ఉంది. అక్కడ ఒక్కో పక్కా పొడవాటి ఇనుప కడ్డీ ఒకటి బుష్‌ల గుండా, చక్రం మోసే దిమ్మ గుండా దూరి ఉంటుంది. యాభై ఏళ్ళలో అది తుప్పుతో దిమ్మకు ఒకటైపోతుంది. సుత్తితో కొడితే కడ్డీ కొస పుట్టగొడుగులా చదునవుతుంది గానీ అంగుళం కదలదు. నూనె పోసి వారం నానబెడతారు, మంట పెట్టి కాలుస్తారు, మర ఉన్న కడ్డీతో లాగే పనిముట్టు బిగిస్తారు. చివరికి కోసేసేవాళ్ళూ ఉన్నారు. ఓర్పుకు పరీక్ష ఏదైనా ఉందంటే ఇదే. కొత్త కడ్డీ ఎక్కించేటప్పుడు గ్రీజు దట్టంగా పట్టించేది ఈ అనుభవం ఒకసారి అయినవాళ్ళు మాత్రమే.

కరెంటు సంగతి చిన్నదే, కానీ మంట పుట్టేది అక్కణ్ణుంచే. హెడ్‌లైట్ల కరెంటంతా స్టీరింగ్ కొమ్ము మీది స్విచ్చి గుండా పోతుంది, మధ్యలో రిలే లేదు. వయసు మీద పడ్డ స్విచ్చి లోపల వేడెక్కి ప్లాస్టిక్ కరుగుతుంది. రెండు రిలేలు పెట్టి ఆ బరువు తప్పించడం చవకైన పని. అసలుది మార్చకూడదని పట్టుబట్టేవాళ్ళు దీన్నీ ఒప్పుకోరు. నా మటుకు నేను రిలేల పక్షమే. కంటికి కనపడని చోట, బండి తగలబడకుండా చేసిన మార్పును తప్పుపట్టడం చాదస్తం.

కానీ ఆ చాదస్తంలోనూ కొంత న్యాయముంది. ఇంజను గదిలో పెట్టిన రేకు ఫలకం మీద ఇంజను నంబరు ఉంటుంది. అది బ్లాకు మీది నంబరుతో సరిపోతే కారు విలువ పెరుగుతుంది. అప్పట్లో బోల్టులకు పసుపు రంగు జింకు పూత ఉండేది. ఎండ పడితే నెమలి ఈకలా మెరిసేది. మంచి రిస్టోరర్ ప్రతి బోల్టునూ ఎక్కణ్ణుంచి తీశాడో చీటీ రాసి సంచిలో వేసి, అన్నింటికీ మళ్ళీ అదే పూత వేయిస్తాడు. 2020 జనవరిలో 1971 నాటి 240జెడ్ ఒకటి వేలంలో 3,10,000 డాలర్లు పలికింది. అది ముట్టుకోకుండా దాచిన బండి, అందరికీ వర్తించే లెక్క కాదు. మామూలుగా పెట్టిన ఖర్చు తిరిగి రాదనుకోవడమే క్షేమం. తయారు చేసిన కంపెనీకే గిట్టుబాటు కాలేదు మరి. 1990ల చివర నిస్సాన్ అమెరికాలో పాత 240జెడ్‌లు కొని, విప్పి, బాగుచేసి, సుమారు 25 వేల డాలర్లకు డీలర్ల ద్వారా అమ్మింది. బాగుచేయడానికి అయ్యే ఖర్చు అమ్మకం ధరను మించిపోయింది. నలభై కార్లు కూడా కాకముందే ఆపేశారు.

అయినా ఇన్ని జెడ్‌లు ఇంకా రోడ్డు మీద ఉన్నాయంటే, ఒకప్పుడు అవి అందరికీ అందిన బండ్లు కావడమే కారణం. ఎక్కువ అమ్ముడుపోయాయి కాబట్టి ఎక్కువ విడిభాగాలున్నాయి, కొత్తగా తయారుచేసేవాళ్ళకూ బేరం ఉంది. జపాన్‌లో మాత్రం పాత బండి ఉంచుకోవడమే భారం. షాకెన్ అనే తనిఖీ రెండేళ్ళకోసారి దాటాలి, 13 ఏళ్ళు దాటిన పెట్రోలు కారుకు రోడ్డు పన్ను పెరుగుతుంది. అమెరికాలోనేమో 25 ఏళ్ళు నిండిన విదేశీ కారును అక్కడి భద్రతా ప్రమాణాలకు సరిపోకపోయినా దిగుమతి చేసుకోవచ్చు. దాంతో జపాన్ పాత బండ్లకు గిరాకీ ఎగబాకింది. కంపెనీలూ మేలుకున్నాయి. మాజ్దా 2017లో మొదటి తరం రోడ్‌స్టర్‌ను బాగుచేసే పథకం పెట్టింది, ఆనాటి టైర్లను కూడా బ్రిడ్జ్‌స్టోన్ మళ్ళీ పోతపోసింది. నిస్సాన్, టయోటా తమ పాత స్పోర్ట్స్ కార్లకు కొన్ని భాగాలు తిరిగి తయారుచేస్తున్నాయి.

బాగుచేసిన బండిని గుడ్డ కప్పి దాచేవాళ్ళు తమకు తెలియకుండానే దానికి కీడు చేస్తారు. రబ్బరు కదలకపోతే గట్టిపడుతుంది. బ్రేకు నూనె గాలిలోని తేమను పీల్చుకుని సిలిండర్లను తింటుంది. ట్యాంకులో నిలవున్న పెట్రోలు జిగురవుతుంది. ఇప్పటి పెట్రోలులో కలుస్తున్న ఇథనాల్ పాత రబ్బరు పైపులను మెత్తబరుస్తుంది. కాబట్టి ఇథనాల్‌ను తట్టుకునే పైపులు మార్చకుండా పెట్రోలు పోయకూడదు. టైరు అరగలేదని మురవడమూ వద్దు. పక్కగోడ మీది నాలుగంకెల్లో మొదటి రెండు వారం, చివరి రెండు సంవత్సరం. పదేళ్ళు దాటితే గాడి ఎంత లోతుగా ఉన్నా మార్చడమే. పదిహేను రోజులకోసారి, ఆయిల్ బాగా వేడెక్కేదాకా, కనీసం అరగంట తోలాలి. రెండు వీధులు తిప్పి ఆపేస్తే సైలెన్సర్‌లో నీళ్ళు నిలిచి లోపలి నుంచి తుప్పు పడుతుంది.

తిరిగొచ్చి బానెట్ ఎత్తి, అద్దం కింది జాలీ దగ్గర చేరిన ఆకులు ఏరేసి, ఒక చెంబు నీళ్ళు పోసి చూడాలి. నీళ్ళు రెండు మడ్‌గార్డుల కిందా ఆగకుండా కారితే, ఆ రోజుకు పని అయినట్టు.