మోటారుబండియు, దాని చిత్తరువును

ఉషాకన్య తాను కలలో గాంచిన రాకుమారుని, చెలికత్తెయగు చిత్రరేఖ వ్రాసిన పటమునందు గుర్తించెనని పురాణములు చెప్పుచున్నవి. మోటారుబండ్ల వర్తకులును అట్లే మన కలను పటమున వ్రాయించి మనకు చూపుదురు. భేదమొక్కటే. చిత్రరేఖ చెలికొరకు వ్రాసెను. వర్తకుడు తన సరకు చెల్లుటకు వ్రాయించును.

ఈ మాట నాకు తోచుటకు కారణము గలదు. మా ఆడుబిడ్డ యింట మోటారుబండి కొనవలెనను సంకల్పము కలిగినది. చేతనున్న సొమ్ము చాలదు గనుక అప్పు చేయవలసియున్నది. ఆమె ప్రకటనపత్రములు కొన్ని తెచ్చి, "వదినా! వీనిలో నేది బాగున్నదో చెప్పుము" అని యడిగినది. ప్రతి పత్రమునందును నవ్వుచున్న యొక ఇల్లాలు, ఒక బిడ్డ, వెనుక పచ్చని కొండలు. వడ్డీమాట మాత్రము చీమలబారువంటి యక్షరములలో అడుగున నుండెను. అప్పుడు నేను, మా వారు తెచ్చియిచ్చిన పాత ప్రకటనల గ్రంథమును దీసి ఆమె ముందుంచితిని. మే మిరువురము ముచ్చటించుకొన్న సంగతులనే సోదరీమణులకు విన్నవించుచున్నాను.

పూర్వము ఖరీదైన బండిని ఇరువురు కలసి నిర్మించెడివారు. యంత్రమును చక్రములును గల చట్రము నొక కంపెనీ చేయును. దానిపై కూర్చుండు భాగమును, గుఱ్ఱపుబండ్లు కట్టుటలో చేయి తిరిగిన వేఱొక కంపెనీ కట్టును. రోల్సు రాయిసు కంపెనీవారు చిరకాలము చట్రమునే యమ్మిరి. హైదరాబాదు నిజాముకొరకు 1912లో సిద్ధమైన పసుపుపచ్చని రోల్సు రాయిసు బండికి పైభాగమును కట్టినవారు లండనులోని బార్కరు కంపెనీవారు. వెనుకవైపున సింహాసనమువంటి యాసనమును, దానికి తగినంత యెత్తైన కప్పును అమర్చిరి. ఆ బండిని నేడును చౌమహల్లా ప్రాసాదమున చూడవచ్చును.

ఇచట ప్రభువునకు సింహాసనమైన బండి, అమెరికాలో గృహిణులకు ముంగిటి గదియైనది. ఆ కాలపు పెట్రోలుబండిని కదలించుటకు ముందువైపున నున్న ఇనుపకమ్మీని బలముగా చేతితో త్రిప్పవలెను. అది వెనుకకు తన్నినచో చేయి విఱుగుటయు కలదు. విద్యుచ్ఛక్తితో నడచు బండ్ల కా బాధ లేదు. పొగ లేదు, చప్పుడు లేదు. కావున డెట్రాయిట్ ఎలక్ట్రిక్ వంటి కంపెనీలవారు స్త్రీల నుద్దేశించి ప్రకటనలు వేసిరి. అద్దాల గదివలె నున్న యా బండిలో, నడుపునామె వెనుక యాసనముననే కూర్చుండి, చక్రమునకు బదులుగా నొక కమ్మీతో బండిని మరలించును. పెట్రోలుబండ్లతో లోకమును నింపిన హెన్రీ ఫోర్డుగారి భార్య క్లారా నడిపినది 1914 నాటి యిట్టి విద్యుద్బండినే! 1912లో క్యాడిలాక్ బండికి, చేతితో త్రిప్ప నక్కఱలేకయే విద్యుత్తుతో యంత్రమును కదలించు సాధనము వచ్చినది. అటుపిమ్మట విద్యుద్బండ్ల గొప్ప క్రమముగా తగ్గెను.

తొలినాళ్ల ప్రకటనలు పెక్కులు, యంత్రబల మింత, వెల యింత యని వాచ్యముగా చెప్పెడివి. 1923 జూనులో 'సాటర్డే ఈవెనింగ్ పోస్ట్' అను అమెరికా పత్రికయందు జోర్డాను కంపెనీ వేసిన ప్రకటన వేఱు త్రోవ త్రొక్కెను. అందలి చిత్రమున నొక యువతి పైకప్పు లేని బండిని వాయువేగమున నడుపుచున్నది. ప్రక్కన నొక రౌతు గుఱ్ఱముపై పరుగిడుచున్నాడు. యజమానియగు ఎడ్వర్డు జోర్డాను రైలులో పోవుచు, లారమీ పట్టణ ప్రాంతమున గుఱ్ఱమెక్కి రైలువెంట వచ్చిన యువతిని చూచి యా వాక్యములను కూర్చెనని చెప్పుదురు. యంత్రమునుగూర్చి యందొక్క మాటయు లేదు. ఆలంకారికులు దీనిని వ్యంగ్యమందురు. "ఈ బండి నెక్కినచో నీవు స్వతంత్రురాలవు" అనునదే యందలి ధ్వని.

ధ్వని బాగున్నది, కాని ఆ కంపెనీవారు యంత్రము మొదలగు ముఖ్యభాగములను ఇతరులయొద్ద కొని కూర్చెడివారు. తమది కాని యంత్రమును పొగడుటకంటె, కొనునామె కలను పొగడుట మేలని తలచిరి కాబోలు! 1931లో ఆ కంపెనీ మూతపడెను. ప్రకటన మాత్రము నేటికిని చెప్పుకొనబడుచున్నది.

కలకు లోబడుట పామరుల లక్షణమే యనరాదు. 1929లో 'డీ డామె' అను జర్మను స్త్రీల పత్రిక ముఖచిత్రమునకై, తమారా ద లెంపిట్స్కా యను చిత్రకారిణి తన్ను తానే ఆకుపచ్చని బుగాటీ బండిలో, చక్రము చేతబట్టి కూర్చున్నట్లు వ్రాసికొనెను. నిజమున కామెకున్నది పసుపుపచ్చని చిన్న రెనో బండి!

ఈ పటములలో నెచటను లేని యొక యిల్లాలి కథ చెప్పెదను. జర్మనీ దేశపు బెర్తా బెంజ్, పెండ్లికి ముందే తన కట్నపు సొమ్మును కాబోవు భర్త కర్మశాలకు ఇప్పించిన సాధ్వి. 1888 ఆగస్టులో నామె భర్తతో చెప్పకయే, అతడు నిర్మించిన మూడుచక్రముల బండిలో కుమారుల నిద్దఱను కూర్చుండబెట్టుకొని, మాన్‌హైమునుండి ఫోర్జ్‌హైములోని పుట్టింటికి బయలుదేరెను. దూరము నూఱు కిలోమీటర్లకు పైమాట. త్రోవలో ఇంధనము తఱుగగా, వీస్లోహ్‌లో నొక మందుల యంగడిలో కొనెను. ఇంధనపు గొట్టము పూడిపోగా టోపీసూదితో పొడిచి బాగుచేసెను. విద్యుత్తు తీగెకు మేజోడుపట్టీని చుట్టెను. బ్రేకు అరిగిపోగా, చెప్పులు కుట్టువానిచే తోలు వేయించెను. ఆ ప్రయాణమే ఆ బండికి గొప్ప ప్రకటనయైనది. అందామె అలంకారము కాదు. బండి గుణదోషముల నెఱిగిన గృహిణి.

కథ విని మా ఆడుబిడ్డ కొంతతడవు మిన్నకుండి, "అయినచో బొమ్మలను చూడరాదా, వదినా?" అనెను. "ఏల చూడరాదు? కవిత్వమును చదివినట్లు చూడుము. కాని బొమ్మ చెప్పని దానిని అంగడిలో నడుగుము. నెలకెంత కట్టవలెను? ఎన్నేండ్లు కట్టవలెను? బ్రేకు లెట్టివి? ప్రమాదమైనచో బిడ్డను కాపాడు సాధనము లేమున్నవి? అన్నిటికన్న ముఖ్యముగా, దానిని నడుపువారెవరు?" అంటిని.

"మొదట నడుపుట నేర్చుకొందును. కొనుట తరువాతి మాట" అని యామె లేచినది.

పత్రములలోని బొమ్మలను పిల్లలు కత్తిరించి పుస్తకములకు అతికించుకొనిరి. అడుగున నున్న చిన్న యక్షరముల ముక్కలను మాత్రము మే మిరువురము దాచియుంచితిమి.